నల్లరేగడి నెర్రెలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘నిత్యజీవితంలో సృజనాత్మకత’ అని విషయం ఇచ్చారు. కవిగారికి ఇవ్వాల్సింది పొరపాటున ఇంజినీరుకిచ్చారు. నాకు తెలిసిన మట్టి గురించే చెబుతాను.

మన ఆటస్థలం గుర్తుందిగా? ఎండలు ముదిరితే నెర్రెలు విచ్చేది. గోళీ పడితే ఇక దక్కేది కాదు. మా సైన్సు మాస్టారు ఒకరోజు చీపురుపుల్ల ఇచ్చి లోతు చూడమన్నారు. పుల్ల మొత్తం దిగిపోయింది. “వానలు పడ్డాక ఈ నెర్రె ఎక్కడికి పోతుందిరా?” అని అడిగి, జవాబు చెప్పకుండానే వెళ్లిపోయారు. మేమూ మరిచిపోయాం.

ఇరవై నాలుగేళ్ల వయసులో ఒక కాలువ లైనింగు పనికి వెళ్లాను. అక్కడా నల్లరేగడే. మేస్త్రి మన నందిగామ వైపు మనిషి, మా నాన్న వయసువాడు. “సారూ, మా ఊళ్లో అరుగు కట్టినా కింద మూరెడు గ్రావెల్ పోస్తాం. ఈ మట్టి ఊపిరి పీలుస్తది” అన్నాడు. డ్రాయింగులో లేదన్నాను. రెండో వానాకాలానికి పలకలు పైకి లేచి పగిలాయి. కారణం దగ్గర ‘పనితనం లోపం’ అని రాసిన కాగితం మీద నేనూ సంతకం చేశాను. ఆయన బిల్లులో కోత పడింది. ఒక్క మాట అనకుండా సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

కొన్నేళ్ల తర్వాత ఐఐటీ బొంబాయి ఆచార్యులు ఆర్. కె. కట్టిగారి పరిశోధన చదివాను. రేగడి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. దాని మీద ఉబ్బని, అంటుకునే గుణమున్న మట్టిని మందంగా పరిస్తే ఆ ఉబ్బు పైకి రాదు. కర్ణాటకలో మలప్రభ కాలువల మీద ఈ పద్ధతి వాడారు. ఇప్పుడది భారతీయ ప్రమాణాల్లోనూ ఉంది. మేస్త్రి చెప్పినదానికి ఎంత దగ్గర! ఆయన కోసం వాకబు చేశాను. అప్పటికే పోయారు. వాళ్లబ్బాయిని కలిసి ఆ సంతకం సంగతి చెప్పాను. మంచినీళ్లిచ్చాడు, అంతే.

అప్పటినుంచి ఏ సైటుకు వెళ్లినా ముందు అక్కడి ఇళ్ల పునాదులు చూస్తాను. కట్టినవాళ్లను అడుగుతాను. నా సృజన అంటూ ఉంటే అదే.

మన పక్కనే ముక్త్యాల ఉంది. రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్‌గారు ఇంజినీరు కాదు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చినప్పుడు నందికొండకు కార్లు పోయే దారి లేదన్నారట. ఆయన చుట్టుపక్కల ఊళ్లవాళ్లను కూడగట్టి దారి వేయించారని మా తాతలు చెప్పేవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 124 మీటర్ల ఎత్తు ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతికట్టడంగా, వేలాది కూలీల చేతులతో లేపారు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్న దేశంలో అది తెలివైన లెక్క. ఎడమ కాలువ నీళ్లు మన మెట్టకు వచ్చాయంటే అందులో ఆ దారి వాటా కూడా ఉంది.

ఇక అసలు పని. మన తొమ్మిదో తరగతి గది గోడ మూల నుంచి ఏటవాలుగా బీటలిచ్చింది, పొద్దున చూశాను. సిమెంటు పూసి రంగు వేయిద్దామని సంఘం అనుకుంటోంది. ఒక్క ఏడాది ఆగండి. బీటకు అడ్డంగా సన్నని గాజు పలకలు అతికిద్దాం. గోడ కదిలితే పలక పగులుతుంది. పక్కన పెన్సిలు గీతలు గీసి, పిల్లలే నెలనెలా స్కేలుతో కొలిచి పుస్తకంలో రాయాలి. ఏ నెలలో విచ్చింది, ఏ నెలలో మూసుకుంది, చూరునీళ్లు ఎటు పోతున్నాయి, గోడ దగ్గర చెట్టేమైనా ఉందా అన్నీ వాళ్లే చూడాలి. మరమ్మతు ఎలా చేయాలో ముందు వాళ్లు చెప్పాలి, తర్వాత నేను. ఈలోపు గోడ బలం నేను పరీక్షిస్తాను, అనుమానం ఉంటే ఆ గది ఖాళీ చేయిద్దాం.

గాజు పలకలు తెచ్చాను, కారులో ఉన్నాయి. భోజనాలయ్యాక ఇద్దరు పిల్లలు, ఒక నిచ్చెన కావాలి.