దారి యెవరికి?
(ఉపన్యాస పాఠము)



కొత్తగూడెమున రైలు దిగినవాడు స్టేషను పలకమీద 'భద్రాచలం రోడ్' అను పేరు చదువును. రాముని కోవెల అచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, గోదావరి యావలి యొడ్డున నున్నది. పేరు దేవునిది, పట్టాలు వేయించినది బొగ్గు. ఈ యడవిసీమలో దారులు సరకును వెదకికొని వచ్చినవేగాని, మనుష్యుని వెదకికొని వచ్చినవి కావని మా యభిప్రాయము.

19వ శతాబ్దమున బీరారు ప్రత్తిని పడవలపై సముద్రమునకు దింపవలెనని దుమ్ముగూడెమువద్ద ఆనకట్ట కట్టిరి. 1867లో బొంబాయి రైలుమార్గము నాగపురము చేరగానే ప్రత్తి పడమటిదారి పట్టినది. 1871లో నదిపనులు నిలిచిపోయినవి. ఇంచుమించు ఆ కాలముననే డాక్టరు కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను; గనులవెంట రైలు వచ్చెను. యాత్రికులును కోయలును మాత్రము భద్రాచలము రేవున 1965లో వంతెన యేర్పడువరకు పడవలకై కాచుకొనియుండిరి.

దారిలేమివలన నష్టమెవరిది? చింతపండు, ఇప్పపూవు ఏరి తెచ్చు కొండవానికి సంతలో ధర యెట్లేర్పడును? పట్టణపు ధరనుండి బండికూలియు, దళారిపాలును తీసివేయగా మిగిలినదే వాని ధర. దారి చెడినకొలది ఆ మిగులు తరుగును. వాగు పొంగు దినములలో బరువును తిరిగి మోసికొనిపోలేక అడిగిన ధరకే యిచ్చివేయును. లోపలికి పోవు ఉప్పునకు, నూనెకు మరల అదే బండికూలి కలియును. అమ్ముటలోను, కొనుటలోను రెండుమారులు చెల్లించువాడు వాడే.

సరకులేని రైలుమార్గము తన వ్యయమును తాను భరింపలేదని కొందరందురు. సత్యమే. 2022లో జాతికంకితమైన భద్రాచలం రోడ్ - సత్తుపల్లి మార్గపు వ్యయములో పెద్దభాగము సింగరేణి సంస్థయే భరించినది. కాని పట్టాల వ్యయమును సరకు మోయుచుండగా, సంతయూళ్లచెంత చిన్న స్టేషనులు, గిడ్డంగులు, వాగులపై వంతెనలు కట్టుట కగు ఖర్చు దానిముందెంత?

ఒరిస్సాలోని మల్కనగిరినుండి భద్రాచలము మీదుగా పాండురంగాపురమువరకు 173 కిలోమీటర్లకు పైబడిన మార్గమునకు 2024 ఆగస్టులో కేంద్రమంత్రివర్గము ఆమోదమొసగినది. అంచనా 4,109 కోట్ల రూపాయలు. ఇది మంచి తరుణము. 1996 నాటి పెసా చట్టము ప్రకారము గ్రామసభలను ముందుగా సంప్రదింపవలెను. భూమి కోల్పోవువారికి పనికి ముందే పరిహారము ముట్టవలెను. దారివెంట వడ్డీవ్యాపారియు వచ్చును గనుక, గిరిజనుల భూమి అన్యుల పాలు గాకుండ 1970 నాటి 1వ నిబంధనను గట్టిగ నమలుపరచవలెను.

ఖమ్మము పురవాసులారా! అడవి సరకుతో మన బజారులు వర్ధిల్లుచున్నవి. కావున ఈ కోరికలను అధికారుల ముందుంచుట మన ధర్మము. పట్టాలు పరచిన పిదప చేయు విన్నపము బిచ్చమగును. పరచుటకు ముందు చేయునది హక్కగును.