దొరువు నీరు - సరుగుడు తోట
(కొత్తపట్నము గ్రామస్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



సముద్రపు హోరు వినబడుచుండగనే ఇసుకలో రెండు నిలువులు త్రవ్వి తియ్యని నీరు తోడుకొనుట కొత్తపట్నము, బాపట్ల తీరములవారికి వింత గాదు. దొరువులలో కడవలు ముంచి నారుమళ్ళను, కూరపాదులను తడుపుట ఈ ప్రాంతమున పాత అలవాటు. ఆ నీరు వానది. ఇసుకలో ఇంకిన వాననీరు తేలికగుటచే, అడుగుననున్న ఉప్పునీటిపై తేలియుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో క్రింద సుమారు 40 అడుగులుండునని శాస్త్రజ్ఞుల లెక్క. తగ్గుదలకును ఇదే లెక్క. పైన ఒక అడుగు తరిగెనా, క్రింది ఉప్పునీరు కాలక్రమమున నలువది అడుగులు పైకి వచ్చును.

మెరకమీద సరుగుడు పెంచు రైతు ఈ నీటిని కాచుచున్నాడు. చెట్టు నీటిని పుట్టించునని నేను చెప్పను. సరుగుడు తానును త్రాగును. అయినను అది గాలికి ఇసుకను కదలనీయదు. తోటయున్నంతకాలము ఆ నేలపై ఉప్పునీరు నిలువదు. అదే నేల రొయ్యల చెరువైనచో, నిలిపిన ఉప్పునీరు ఇసుకలోనికి దిగి ప్రక్కవాని దొరువును చెరచును. సర్వోదయ నాయకులు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యమున 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ నష్టమును గుర్తించెను. 2005లో పార్లమెంటు తీరప్రాంతపు చెరువులపై అదుపునకు చట్టము చేసెను.

చట్టము వద్దనగలదు, కాచినవానికి కూలి ఇయ్యదు. సరుగుడు కోతకు నాలుగైదేండ్లు ఆగవలెను. చెరువు కౌలు ఏటేట చేతికి వచ్చును. పిల్ల పెండ్లి తలపెట్టిన రైతుతో ‘ఊరి నీటికొరకు ఓర్చుకొనుము’ అనుట సులభమే. ఆ నష్టములో పాలుపంచుకొనువారేరి?

హిమాచలప్రదేశ్‌లోని పాలంపూరు పురపాలక సంఘము ఈ ప్రశ్నకు జవాబు వెదకినది. ఆ పట్టణమునకు నీరిచ్చు బోహల్ ఊటపైని అడవిని కాపాడుటకు అచటి గ్రామస్థుల సంఘముతో 2010లో ఒప్పందము చేసికొని, ఏటా రు. 10,000 ఇచ్చుటకు అంగీకరించెను. మొత్తము చిన్నదే, చాల చిన్నది. కాని నీరు త్రాగువాడు అడవి కాచువానికి బాకీపడియున్నాడని కాగితముపై ఒప్పుకొనుట చిన్న సంగతి గాదు. న్యూయార్కు నగరము 1997లో పెద్దయెత్తున ఇట్టి ఒప్పందమునే చేసికొన్నది. వడపోత కర్మాగారము కట్టుటకంటె కాట్‌స్కిల్ కొండల రైతులకు, అడవుల యజమానులకు సాయము చేయుటయే చౌక యని అది లెక్కవేసెను.

మనకు కొండలు లేవు, ఇసుకమెరకలున్నవి. త్రాగునీటి బావులకు దగ్గరి మెరకలను ముందు గుర్తింపవలెను. నీటి పన్నులో కొంత భాగమును ప్రత్యేకించి, ఉప్పునీరు రానీయని నేలకు ఎకరమున కింత యని పంచాయతీ చెల్లింపవచ్చును. చెట్లను లెక్కించి ఇచ్చుట పొరపాటు. అట్లయినచో నీటిని మరచి మొక్కలనే పెంచుదురు. తోటను కాచునది కౌలుదారైనచో అతని వాటాను ఒప్పందములోనే వ్రాయవలెను. ఏటేట వానలకు ముందు, దొరువులు అడుగంటిన దినములలో, నీటి ఉప్పదనమును పదిమంది యెదుట పరీక్షింపవలెను. పైకము ఆ తరువాతనే చెల్లింపవలెను.