వృద్ధుల మతిమరపు – మన ఆహారము
(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వృద్ధులకు కలుగు మతిమరపును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు మమ్ము కోరినారు. మేము వైద్యులము కాము. పప్పుదినుసులు, నూనెలు అమ్ముకొను వర్తకులము. అయినను జ్ఞాపకశక్తికి ఏది తినిపించవలెను, ఏ టానిక్కు కొనవలెనని మా అంగడికి వచ్చి అడుగువారు పెక్కుమంది. కావున చదివియు, తెలిసినవారి నడిగియు, నిశ్చయమైనంతవరకే మనవి చేయుచున్నాము.

1906వ సంవత్సరమున జర్మనీ దేశములో ఆలోయిస్ ఆల్జైమర్ అను వైద్యుడు, మతి చెడి మరణించిన యొక స్త్రీ మెదడులో తాను కనుగొన్న మార్పులను వైద్యసభకు నివేదించెను. వ్యాధికి ఆయన పేరే నిలిచినది. ఇది ముసలితనపు సామాన్యమైన మరపు కాదు. చీటీపాట కట్టవలసిన దినము మరచి, పిదప జ్ఞప్తికి తెచ్చుకొనుట సామాన్యము. ఏండ్ల తరబడి నడచిన వీధిలో తన యిల్లు తెలియక నిలిచిపోవుట, చేయి తిరిగిన వంటలో ఏది ముందో ఏది వెనుకో తోచకుండుట వ్యాధి లక్షణములు కావచ్చును. అట్టివారిని చూచి చాదస్తమని నవ్వుటయు, లోకులేమందురో యని గదిలో దాచుటయు మన యిండ్లలో జరుగుచున్నవి. రెండును తగవు. ముందు వైద్యునకు చూపవలెను.

ఏలననగా, మతిమరపంతయు ఆల్జైమర్ వ్యాధి కాదు. బి 12 అను విటమిను లోపించినను మరపు, నీరసము, కాళ్ల తిమ్మిరి కలుగును. సకాలములో కనుగొన్నచో ఇది చాలవరకు కుదురును. ఆలస్యమైనచో నరములకు కలిగిన హాని నిలిచిపోవచ్చును. ఈ విటమిను పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో నుండును, కూరగాయలలో లేదు. కావున శాకాహార కుటుంబములవారు జాగ్రత్త పడవలెను. వయస్సు మీరిన కొలది కడుపులో ఆమ్లము తగ్గి, తిన్నదియు సరిగా ఒంటబట్టదు. మధుమేహమునకు చిరకాలముగా మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసికొనువారికిని ఈ లోపము కలుగవచ్చును. మాత్రలు మానవలదు, రక్తపరీక్ష చేయించుకొనవలెను. పరీక్ష లేకుండ ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మాత్రము మ్రింగినచో రక్తహీనత తగ్గినట్లు కనబడి, లోలోపల నరములు చెడుట తెలియకుండ పోవును.

ఇక సీసాల మాట. విటమిను బి, విటమిను ఇ, చేపనూనె మొదలగు వానిని మతిమరపు రాకుండుటకై వాడుమని చెప్పరాదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. లోపమున్నవారి చికిత్స వేరు. జింకో ఆకుసారమును అమెరికాలో మూడువేలమందికి పైగా వృద్ధులపై పరీక్షింపగా అది వ్యాధిని ఆపలేదని 2008లో తేలినది. అమ్ముకొనువారమై యుండియు చెప్పుచున్నాము: ఆ సొమ్మును ఆకుకూరలకును, పప్పులకును, పాలకును వెచ్చింపుడు.

ఆకుకూరలు, పప్పుదినుసులు, ముడిధాన్యములు, గింజలు, చేపలు ఎక్కువగాను, వెన్న, మిఠాయిలు, వేపుళ్లు తక్కువగాను తినువారిలో ఈ వ్యాధి తక్కువగా కనబడినదని షికాగో పరిశోధకులు 2015లో ప్రకటించిరి. కాని అట్టి భోజనమును మూడేండ్లు తినిపించి చూచిన 2023 నాటి పరీక్షలో, ఇతర భోజనము తినినవారికంటె చెప్పుకోదగిన మేలు కనబడలేదు. ఫిన్లాండులో 1260 మందిపై రెండేండ్లు జరిగిన పరీక్షలో మంచి ఆహారముతో పాటు వ్యాయామము, మెదడునకు పని, రక్తపోటు మొదలగువానిపై నిఘా కలిపి అమలుపరుపగా, మేధాశక్తికి మేలు కలిగినట్లు 2015లో తెలిసినది. కావున ఆహారము ఒక్కటే కోటగోడ కాదు; గోడలో ఒక రాయి.

మన వంటయింట ఏమి చేయవలెను? తోటకూర, గోంగూర, మునగాకు వారములో పలుమార్లు వండవలెను. ఉడికించిన నీరు పారబోయరాదు. ఫోలేటు అను పోషకము నీటిలో కరిగిపోవును. రాగులు, కందులు, పెసలు, నువ్వులు, వేరుసెనగలు మన పూర్వుల తిండియే. ఊరగాయలలోను, అప్పడములలోను ఉప్పు తగ్గించవలెను. నడివయస్సునందలి రక్తపోటు ముసలితనమున మెదడునకు శత్రువు. పొగాకు మానవలెను. చెవుడు వచ్చినవారికి యంత్రము పెట్టించవలెను. వినికిడి లోపమును కూడ వైద్యులు ఈ వ్యాధి కారణములలో చేర్చియున్నారు.

చివరిమాట మనకు ప్రత్యేకముగా చెందినది. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడిగారు, వారి సహచరులు 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవారికి ఒక్క భాషయే వచ్చినవారికంటె సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వ్యాధి బయటపడినదని 2013లో ప్రకటించిరి. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. అన్ని దేశముల పరిశోధనలలోను ఇదే ఫలితము రాలేదు, అయినను ఆలోచింపదగినది. హోసూరు, బళ్లారి, షోలాపురము, బరంపురములలో ఇంట తెలుగు, అంగట మరియొక భాష పలుకుట మనకు తరతరముల వాడుక. తాతగారితోను, అమ్మమ్మగారితోను పిల్లలు తెలుగున మాట్లాడినచో పిల్లలకు భాష దక్కును, పెద్దలకు తోడు దక్కును.

వార్షికోత్సవమున శాలువలకు వెచ్చించు సొమ్ములో కొంత తీసి, అరువది దాటిన పేద సభ్యులకు బి 12 పరీక్షయు, రక్తపోటు పరీక్షయు చేయింపవలెనని ప్రతిపాదించుచు, సెలవు తీసికొనుచున్నాము.