పిల్లి ఏ యాసలో అరుస్తుంది?



పిల్లికి యాస ఉంటుందా? ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర అన్నామంటే "పనీ పాటా లేదటే?" అని కసురుకుంటారు. కాని స్వీడన్ దేశంలో ఒక ఆవిడ సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకుని కూర్చున్నారు. లుండ్ విశ్వవిద్యాలయంలో ధ్వనిశాస్త్ర పండితురాలైన సుసాన్ షోట్స్ గారు 2016లో పిల్లుల అరుపుల మీద పరిశోధన మొదలుపెట్టారు. రాజధాని స్టాక్‌హోంలో మనుషుల యాస ఒకటి, దక్షిణాన లుండ్‌లో మరొకటి. మరి ఆ ఊళ్ళ పిల్లుల అరుపుల్లో కూడా తేడా ఉందా, యజమాని యాస పిల్లికి అంటుకుంటుందా అని చూడటం ఆ పరిశోధనలో ఒక భాగం. 2021లో ఆవిడకు ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. ముందు నవ్వించి, ఆ తరవాత ఆలోచనలో పడేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

ఇందులో ఇంకొక తమాషా ఉందండీ. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి 'మ్యావ్' అనుకోవడం బహు తక్కువ. కూనగా ఉన్నప్పుడు తల్లిని పిలవడానికి మ్యావుమంటుంది. పెద్దయ్యాక తోటి పిల్లితో వ్యవహారమంతా బుసకొట్టడం, గుర్రుమనడం, తోక ఆడించడం, వాసన చూడటం. మ్యావ్ అన్నది ముఖ్యంగా మనకోసం అట్టేపెట్టుకున్న మాట. ఏ కూత కూస్తే ఈ ఇల్లాలు లేచి పాలగిన్నె దగ్గరికి నడుస్తుందో కనిపెట్టి, ఆ కూతే కూస్తుంది. మీ ఇంటి పిల్లి గోల పక్కింటావిడకు అంతగా అర్థం కాదంటే అందుకే.

సరే, పిల్లులు మనలాగే మాట్లాడుకుంటాయనుకుందాం కాసేపు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు దేశాన్ని నాలుగు మాండలిక ప్రాంతాలుగా చూపించారు కదా. హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో ఆ నాలుగు ప్రాంతాల ఇల్లాళ్ళూ ఉన్నారనీ, తలా ఒక పిల్లిని పెంచుతున్నారనీ అనుకోండి. రాత్రి పదింటికి మేడమీద పిల్లుల సభ.

విజయనగరం పిల్లి నిట్టూర్చింది. "ఏటి సెప్పమంతావప్పా! మా గుంట పాలగిన్నె తన్నీసినాది. దెబ్బలు నాకు."

తెనాలి పిల్లి విస్తుపోయింది. "గుంట గిన్నెని తన్నడవేవిటే? గిన్నె గుంటలో పడిందంటే అర్థం ఉంది."

అక్కడ గుంట అంటే ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లవాడు. తెనాలిలో గుంట అంటే గొయ్యి. పంచాయితీ తెగకముందే కరీంనగర్ పిల్లి కూన "అవ్వా, అవ్వా" అంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఏం మే, నీకప్పుడే మనవడు పుట్టినాడా?" అంది కడప పిల్లి.

"గదేం మాట? ఆడు నా కొడుకు. అవ్వ అంటె అమ్మనే గద!"

కడపలో అవ్వ అంటే అమ్మమ్మో, నాయనమ్మో. నిండా రెండేళ్ళు లేని పిల్లికి రోషం రాదూ? కడప పిల్లి మాట మార్చింది. "మా ఇంట్లో పొద్దన ఇంగో రచ్చ. మా యమ్మ వాచ్‌మన్‌ను ఎర్రగడ్డలు తెమ్మనె. ఆయప్ప బస్సెక్కి యాడికో పాయ. మద్దేనం వచ్చి, ఎర్రగడ్డకు పోయొచ్చిన, ఏం తేవాల్నో చెప్పనే లేదు గదమ్మా అనె."

కడపవారికి ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఒక పేట. పైగా అక్కడ రైతుబజారు కూడా ఉంది కనక, పాపం అతన్ని అనవలసింది ఏమీ లేదు.

ఇంతలో మెట్లమీద కుక్క అలికిడి. కరీంనగర్ పిల్లి ముందు చూసి "ఉరుకుండ్రి, ఉరుకుండ్రి!" అని అరిచింది. మూడు పిల్లులు పరుగు తీశాయి. తెనాలి పిల్లి మాత్రం దూకమన్నారు కాబోలనుకుని, ఎదురుగా ఉన్న నీళ్ళ తొట్టిలోకి ఉరికింది. పిల్లికి నీళ్ళంటే ఎంత ప్రేమో మీకు తెలియనిది కాదు.

గోంగూర, పుంటికూర ఒకటే. వేరుశనగ, పల్లీలు, చెనిక్కాయలు ఒకటే. లక్ష్మీవారం వచ్చినా, బేస్తవారం వచ్చినా వచ్చేది గురువారమే. ఇంతవరకు నవ్వులాట. అయితే ఈ నాలుగు ఇళ్ళలోనూ యాస మార్చుకున్నదెవరు? మగవాడు పుట్టిన ఇంట్లోనే ఉంటాడు, లేదా ఉద్యోగానికి వెళ్ళినా తన మాట తన వెంటే ఉంటుంది. కాపురానికి వచ్చిన పిల్ల మొదటివారం "ఏటి" అంటే మరిది నవ్వుతాడు. రెండోసారి ఆడబిడ్డ వెక్కిరిస్తుంది. చెడ్డవాళ్ళై కాదు, సరదాకే. నెల తిరిగేసరికి ఆ పిల్ల నోరు తెరిచేముందు వాక్యాన్ని లోపల ఒకసారి సరిచూసుకోవడం మొదలుపెడుతుంది. కొందరైతే మాటలే తగ్గించేస్తారు. 'మా కోడలు నెమ్మదస్తురాలు' అని అత్తగారు మురిసిపోతుంటారు! తల్లి ఫోను చేసినప్పుడు బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుని, గొంతు తగ్గించి సొంత మాట మాట్లాడుకుంటుంది. ఏదో తప్పుపని చేస్తున్నట్టు.

ఆ తరవాత పిల్లలు. "అమ్మా, మా ఫ్రెండ్స్ ముందు అలా మాట్లాడకు" అంటారు. వాళ్ళనేం లాభం? చాలాకాలం మన సినిమాల్లో పనివాళ్ళకూ, రౌడీలకూ ఒక యాస, కత్తి పట్టినవాడికి ఇంకొక యాస, నాయికా నాయకులకు పుస్తకం మాట. చూసిందే నేర్చుకున్నారు.

ఇప్పుడు నేను చదువుతున్న ఈ భాష కూడా చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాటను బట్టి ఏర్పడిందే. అందుకు కారణాలు చరిత్రలో ఉన్నాయి గాని, అందంలో లేవు. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, "ఏటి" అనే నేలమీద. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. తెలంగాణలో కాళోజీగారి పుట్టినరోజు సెప్టెంబరు 9న భాషా దినోత్సవం. పొద్దున సభలో దండలు వేసి, సాయంత్రం ఇంట్లో కోడలి మాటకు నవ్వితే ఎలాగండీ?

పోయేది యాస ఒక్కటే అయితే ఇంత చెప్పక్కరలేదు. ఊరికి బయలుదేరే మనవరాలి తల నిమిరి కరీంనగర్ అమ్మమ్మ "పైలం బిడ్డా" అంటుంది. జాగ్రత్త అని. ఆ పిల్ల తల్లి వైపు తిరిగి "ఏమంటోంది?" అని అడిగితే, ఆ అమ్మమ్మ ముఖం చూడాలి. అదే ఇంట్లో పిల్లి ఒక్క అరుపు అరిస్తే, అది ఆకలో, తలుపు తియ్యమనడమో ఆ పిల్ల ఠకీమని చెప్పేస్తుంది.

అన్నట్టు, తెనాలి పిల్లి సంగతి మరిచాను. తొట్టిలోంచి పైకొచ్చి ఒళ్ళు దులుపుకుంటూ అడిగిందట.

"ఉరకడవంటే మీకు పరిగెత్తడం. మరి దూకమనాలంటే ఏవంటారే వదినా?"

"దుంకు అంటం."

"దుంకు... దుంకు... బాగుందే! ఇంకోటి చెప్పు."