పొలిమేర దాటే సరుకు - చిన్న వ్యాపారి పన్ను



మనవైపు ఊళ్లలో రాష్ట్రం మారినా మాట మారదు. బళ్లారిలో దుకాణం ఉన్నవారికి గుంతకల్లులో వియ్యంకులుంటారు. యానాం దాటి అడుగు వేస్తే ఆంధ్రప్రదేశే. మనం పట్టించుకోని ఆ పొలిమేరను పన్ను చట్టం మాత్రం తప్పక పట్టించుకుంటుంది. ఈ సంగతి తెలియక చిన్న వ్యాపారులు చిక్కుల్లో పడకూడదనే ఈ నాలుగు మాటలు.

విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్, కర్ణాటకలోను ఆంధ్రప్రదేశ్‌లోను 2005 ఏప్రిల్ 1న, తమిళనాడులో 2007 జనవరి 1న వచ్చింది. 2017 జూలై 1 నుంచి చాలా సరుకులకు దాని స్థానంలో జి.ఎస్.టి. అమలవుతోంది. సేవలు కూడా ఇందులో చేరాయి. పెట్రోలు, డీజిలు, మద్యం మాత్రం ఇంకా వ్యాట్ కిందనే ఉన్నాయి. పేరు మారినా సూత్రం ఒకటే: మనం చేర్చిన విలువ మీదనే మన పన్ను.

ఒక లెక్క చూద్దాం. బళ్లారిలో ఒకాయన ఇనుప బీరువాలు చేస్తాడు. రేకు 6,000 రూపాయలకు కొని, 18 శాతం చొప్పున 1,080 రూపాయలు పన్ను కట్టాడు. బీరువాను 10,000కు అమ్మి, కొన్నవారి దగ్గర 1,800 పన్ను వసూలు చేశాడు. ఈ 1,800లో తాను ముందే కట్టిన 1,080 తీసివేసి, 720 మాత్రం ప్రభుత్వానికి జమ చేస్తాడు. ఆయన చేర్చిన విలువ 4,000. దాని మీద 18 శాతం సరిగ్గా 720. అయితే ఈ తగ్గింపు దక్కాలంటే ఆయనకు రిజిస్ట్రేషను ఉండాలి, రేకు బిల్లు మీద ఆయన నంబరు పడాలి, అమ్మినవాడు ఆ బిల్లును తన రిటర్నులో చూపాలి.

మరి రిజిస్ట్రేషను ఎవరికి తప్పనిసరి? కేవలం సరుకులు అమ్మేవారికి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లలో ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితే. యానాం ఉన్న పుదుచ్చేరిలోను, తెలంగాణలోను ఆ హద్దు 20 లక్షలే. సేవలకు ఎక్కడైనా మన ప్రాంతంలో 20 లక్షలు. అమ్మకంతోబాటు మరమ్మతులు కూడా చేసేవారు 40 లక్షల లెక్క నమ్ముకోరాదు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. పన్ను పడే సరుకును బండికెత్తించి పక్క రాష్ట్రానికి అమ్మితే ఈ హద్దులేవీ వర్తించవు. మన బళ్లారి ఆయన గుంతకల్లుకు ఒక్క బీరువా పంపినా ముందే రిజిస్ట్రేషను ఉండాలి. కొన్ని హస్తకళా వస్తువులకు మాత్రం షరతులతో మినహాయింపు ఉంది. "మనవాళ్లకే కదా పంపింది" అంటే చట్టం ఒప్పుకోదు.

సేవల సంగతి వేరు. ఇంట్లో కూర్చుని అనువాదాలో, డిజైన్లో, లెక్కల పనో సొంతంగా చేసేవారు పక్క రాష్ట్రం వారికి చేసిపెట్టినా, మొత్తం రాబడి 20 లక్షలు దాటనంతవరకు రిజిస్ట్రేషను అక్కరలేదు.

కాంపొజిషను పద్ధతి అని మరొకటుంది. ఏడాదికి కోటిన్నర లోపు సరుకుల వ్యాపారులు అమ్మకాల మీద 1 శాతం కట్టి ఊరుకోవచ్చు. లెక్క సులువు. కాని కొనేవారి దగ్గర పన్ను వసూలు చేయరాదు, కొన్న సరుకు మీది పన్ను తిరిగి రాదు, సరుకు రాష్ట్రం దాటించరాదు. పొలిమేర అవతల ఖాతాలున్నవారు ఇందులో చేరేముందు బాగా ఆలోచించుకోవాలి.

చివరగా ఒక మాట. వసూలు చేసిన పన్ను మన లాభం కాదు, మన చేతిలో ఉన్న పరుల సొమ్ము. దానిని గల్లాపెట్టెలో కలపక వేరుగా ఉంచండి. రిజిస్ట్రేషనుకు ప్రభుత్వ రుసుము ఏమీ లేదు. దూరపు బేరం కుదిరినప్పుడు ధర అడిగే ముందే, సరుకు ఏ రాష్ట్రంలో దిగుతుందో అడగండి. ఆ ఒక్క ప్రశ్న రేపటి జరిమానాను తప్పిస్తుంది.