లెక్కకు రాని తొవ్వలు

 

పాటలు అయిపోయినంక ఒక ఇంజనీరు లేచి రోడ్ల లెక్కలు చెప్తానంటే ఎవరికైనా విసుగే. కాసేపు ఓపిక పట్టండి. మా ఊరికి రోడ్డెందుకు రాలేదు అని అడిగితే మనం వెంటనే నాయకుల పేర్లు చెప్తాం. అది కొంత నిజం. కానీ ఏ నాయకుడూ అడ్డం పడకపోయినా మన ఊరిని కాగితం మీదనే కొట్టేసే లెక్క ఒకటుంది. ఈ దేశంలో రోడ్ల పనే నా బతుకుదెరువు కాబట్టి దాని గురించే చెప్తాను.

రోడ్డుకు డబ్బు పెట్టేముందు అప్పిచ్చే బ్యాంకు గానీ ప్రభుత్వం గానీ ఒకటే అడుగుతుంది: పెట్టిన రూపాయికి సమాజానికి ఎంత తిరిగొస్తుంది? డీజిల్ ఎంత మిగులుతుంది, టైర్లు ఎన్నాళ్ళు ఎక్కువ మన్నుతాయి, ప్రయాణికులకు టైం ఎంత కలిసొస్తుంది, ఇవన్నీ రూపాయల్లోకి మార్చి ఖర్చుతో పోలుస్తారు. దీనికి ప్రపంచ బ్యాంకు చొరవతో పుట్టిన హెచ్‌డీఎం అనే మోడల్ వాడతారు. కెన్యాలో, బ్రెజిల్‌లో, మన దేశంలో రోడ్ల మీద చేసిన పరిశోధనలు దాని వెనుక ఉన్నాయి కనుక అది గాలి లెక్క కాదు. రాబడి 12 శాతం దాటితే సాధారణంగా ప్రాజెక్టు పాసైనట్టే.

చిక్కేమిటంటే, ఆ ఆదా అంతా బండ్ల లెక్కలో వచ్చేదే. రోడ్డు పక్కన మనిషిని కూర్చోబెట్టి ఏడు రోజులు బండ్లు లెక్కపెట్టిస్తారు. వేల బండ్లు తిరిగే తొవ్వకు లాభం దానంతటదే తేలుతుంది. పాలమూరులో ఒక ఊరు అనుకోండి. సగం జనం వలసపోయారు, ఎక్కడో ఇంకొకరి రోడ్డు వేయడానికే పోయి ఉండొచ్చు. లెక్కకు దొరికేవి రెండు ట్రాక్టర్లు, నాలుగు ఎడ్లబండ్లు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని మంచం మీద మోసుకొచ్చిన నలుగురు ఏ గడిలోనూ పడరు. బండ్లు లేవని రోడ్డు రాదు, రోడ్డు లేదని బండ్లు రావు.

దీనికి తోడు 12 శాతం వడ్డీ కోత. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చే వంద రూపాయల లాభం ఈ లెక్కలో ఇవ్వాళ పది రూపాయలే. బస్సెక్కి హైస్కూలుకు పోయిన అమ్మాయి రేపు నర్సు అయితే ఆ లాభానికి విలువే మిగలదు. అసలు ఆమె ఈ లెక్కలోకి వస్తే కదా!

నేల సంగతి కూడా చూడాలి. ఆదిలాబాద్ నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద రోడ్డు నిలవాలంటే మొరం, కంకర మందంగా పోయాలి. బండ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఇక రాబడి ఎక్కడిది?

బరువుల లెక్కకు మూలం ఈ దేశంలోనే ఉంది. ఇల్లినాయ్ రాష్ట్రం ఒటావా దగ్గర 1958 నుంచి 1960 దాకా సైనికులతో లారీలు తిప్పించి రోడ్డు ఎట్లా పాడైతదో కొలిచారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే దెబ్బ రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు. కరీంనగర్‌లో గ్రానైట్ లారీలు పోయిన ఊరి రోడ్డు చూసినవాళ్ళకు ఈ సూత్రం నేను చెప్పనక్కర లేదు.

ఇంకో తీరుగా కూడా చేయొచ్చని ఇక్కడే రుజువైంది. 1956 చట్టంతో మొదలైన ఇంటర్‌స్టేట్ రోడ్లు అపలేచియా కొండప్రాంతాన్ని చాలావరకు తప్పించుకుపోయాయి. కారణం అదే: ట్రాఫిక్ తక్కువ, ఖర్చు ఎక్కువ. 1963లో కెనడీ ఒక కమిషన్ వేశాడు, 1965లో జాన్సన్ చట్టం మీద సంతకం పెట్టాడు. ఉన్న ట్రాఫిక్ కోసం కాక, రావలసిన ట్రాఫిక్ కోసం అక్కడ ప్రత్యేకంగా రహదారులు వేశారు. పేదరికం పూర్తిగా పోలేదు, నిజమే. కానీ తొవ్వ పడ్డది.

మన దగ్గర 2000లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కూడా బండ్లను కాక మనుషులను లెక్కపెట్టింది. మైదానంలో 500 జనాభా, గిరిజన ప్రాంతాల్లో 250. మంచి అడుగే. మరి రెండు వందల మంది ఉన్న తండా? మళ్ళీ గీతకు అవతలే.

2014లో మన రాష్ట్రం వచ్చింది. ఈ లెక్క పుస్తకం అట్లనే ఉంటే మన సెక్రటేరియట్ నుంచి కూడా హైదరాబాద్ చుట్టూ రోడ్లే పాసైతాయి. మనవాళ్ళు సంతకం పెడితే లెక్క మారదు. మరమ్మతులదీ అంతే. 85 దేశాల్లో 4,500 కోట్ల డాలర్ల విలువైన రోడ్లు చూసేవారు లేక పోయాయని, 1,200 కోట్ల లోపు ఖర్చుతో వాటిని కాపాడుకొని ఉండొచ్చని ప్రపంచ బ్యాంకు 1988లోనే లెక్కగట్టింది. కొత్త రోడ్డుకు కొబ్బరికాయ కొట్టడానికి అందరూ వస్తారు, గుంత పూడ్చడానికి ఎవరూ రారు.

అందుకని ఒక పని చెప్తాను. ఊర్లో తమ్మునికో బావకో ఫోన్ చేసి, మీ రోడ్డు అంచనా కాగితం సమాచార హక్కు కింద అడిగించండి. ఫీజు పది రూపాయలు. బండ్లు ఏ నెలలో లెక్కపెట్టారు, వలసలు పోయినప్పుడా, పంట ఇంటికొచ్చినప్పుడా? మట్టి పరీక్ష ఎక్కడ చేశారు? మరమ్మతులకు ఎంత రాశారు? ఆ కాగితాలు నాకు పంపితే చదివి పెట్టే పని నాది.