పెద్దపంజాణి బోర్డు

పిల్లలూ, గౌన్లలో ఉక్కపోస్తోందని తెలుసు. తొందరగానే దిగిపోతాను.

పుంగనూరు దాటి వస్తూ మీ ఊరి బోర్డు చూశాను. పెద్దపంజాణి. మనకది రెప్పపాటు పని. మెషీన్‌తో చదివించాలంటే? ‘ద’ కింద వత్తు, ‘ప’ పక్కన సున్న, ‘ణి’ నెత్తిన గుడి. ఏ ముక్క ఎవరిదో దానికెవరు చెప్పాలి?

ఈ తలనొప్పిని కోరి తెచ్చుకున్న తొలివారిలో బులుసు లక్ష్మణ దీక్షితులు గారు ఒకరు. బెంగళూరు ఐఐఎస్సీలో కంట్రోల్ సిస్టమ్స్ చదివి, కంప్యూటర్‌తో బొమ్మలు చదివించే పని వైపు మళ్లిన మనిషి. 1977లో ఎస్.ఎన్.ఎస్. రాజశేఖరన్‌తో కలిసి అచ్చు తెలుగు అక్షరాల గుర్తింపు మీద పేపర్ అచ్చువేశారు. కిటుకు ఇదీ: మాటిమాటికీ వచ్చే మూల ఆకారాలను ముందు పట్టుకుని తీసెయ్యాలి. మిగిలిన గీతను చుక్క చుక్కా వెంబడించాలి. ఆ తర్వాతే ఏ అక్షరమో తేల్చాలి. పలక మీద దిద్దినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

1982 నుంచి 1996 దాకా ఆయన హైదరాబాద్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ డైరెక్టర్. ఆ రోజుల్లోనే, 1988 మార్చిలో, నేలను ఫొటోలు తీసే ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం ఎగిరింది. దాని కెమెరాల్లో ఒకదాని ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 72.5 మీటర్ల చదరం, అంటే ఎకరంపావుకు పైనే. మీ నాన్న టమాటా మడి అరెకరమైతే సొంతంగా చుక్కయినా దక్కదు, పక్కవాళ్ల మామిడితోటతో కలిసిపోతుంది. మళ్లీ అదే పేచీ: ఏ ముక్క ఎవరిది?

1991లో దీక్షితులు గారికి పద్మశ్రీ వచ్చింది. నాకు మాత్రం ఆ 1977 పేపరే ముద్దు.

2001లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి బృందం ఇంకో దారి పట్టింది. వేల గుణింతాలను, వత్తులను అతుకు తెగిన ముక్కలుగా విడదీస్తే దాదాపు 370 ఆకారాలే తేలాయి. వాళ్ల ప్రోగ్రాం సుమారు 92 శాతం సరిగ్గా చదివింది. నూటికి ఎనిమిది తప్పులంటే, పుస్తకంలో ప్రతి వరసలో ఒకటో రెండో. పదో తరగతి తెలుగు పంతులు ఊరుకోరు.

ఇందాకటి బోర్డు మీద ద వత్తు సగం దుమ్ములో ఉంది. ఊరి పేరు ముందే తెలుసు కాబట్టి నేను సరిగ్గానే చదివాను. మెషీనైతే పెదపంజాణి అనేది. ఇంటికెళ్లేటప్పుడు ఎవరైనా తడిగుడ్డతో కాస్త తుడవండమ్మా.